పాత నాణేల ఆన్‌లైన్ కొనుగోళ్లలో మోసాలు

పాత నాణేల సేకరణను అభిరుచిగా పెట్టుకున్నవారికి ఇంటర్నెట్‌లో దొంగ దుకాణాల వల్ల జరిగే మోసాలు ఈ వ్యాస విషయం. ఇవి స్థూలంగా మూడు రకాలు. డబ్బు కట్టించుకుని ఏమీ పంపనివి మొదటి రకం. నకిలీని అసలుదని అంటగట్టేవి రెండోది. ఇంట్లో పడి ఉన్న మామూలు బిళ్ళను లక్షలకు కొంటామని ఆశపెట్టి రిజిస్ట్రేషన్, జీఎస్టీ, కమీషన్ పేర్లతో విడతలవారీగా గుంజేవి మూడోది. పత్రికల్లో ఎక్కువగా కనిపించేది మూడోదే. సేకర్తలను ఎక్కువగా దెబ్బతీసేది మాత్రం రెండోదని చెప్పుకోవచ్చు. మోసపోయిన సంగతే చాలామందికి ఏళ్ల తరబడి తెలియదు.

లక్షల నాణేల వదంతి

2012 నాటి వైష్ణోదేవి బొమ్మ నాణెం ఉంటే లక్షాధికారులేనని, 786 అంకె ఉన్న నోటుకు ఇంత ధర అని వీడియోలు ఏటా తిరుగుతూనే ఉంటాయి. వైష్ణోదేవి నాణేలు చలామణీ కోసమే ముద్రించిన స్మారక నాణేలు. సేకర్తల మధ్య వాటి ధర ముఖవిలువకు మరీ దూరంగా పోదు. 786 నోట్లకు సరదాపడి కొంత ఎక్కువ ఇచ్చేవారు ఉన్నారు గానీ, ఆ వీడియోలు చెప్పే ధరలకు ఆధారం లేదు. రిజర్వు బ్యాంకు పేరు, చిహ్నం వాడుకుని ఇలా చార్జీలు వసూలు చేస్తున్నవారున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టు 4న హెచ్చరిక జారీచేసింది. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాల్లో తాను తలదూర్చనని, ఎవరి దగ్గరా కమీషన్ అడగనని అందులో స్పష్టం చేసింది. ఆ తర్వాత కూడా రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న ‘ఆమోద పత్రం’ వాట్సాప్‌లో వచ్చిందంటే ఆ ముద్రే మోసానికి సాక్ష్యం.

కంపెనీ బిళ్ళలు, రైస్ పుల్లింగ్

ఒకవైపు రామ పట్టాభిషేకమో, హనుమంతుడో, మరోవైపు ‘ఈస్టిండియా కంపెనీ’ పేరు, ‘వన్ అణా’ వంటి విలువ, 1616, 1717, 1818 వంటి సంవత్సరాలు ఉన్న రాగి బిళ్ళలు ఆన్‌లైన్ అంగళ్లలో కోకొల్లలు. ఇవి కంపెనీ నాణేలు కావన్నది నాణేల పండితులందరూ ఒప్పుకునే మాట. కారణం చెప్పడంలోనే తేడా. కంపెనీ ఏనాడూ హిందూ దేవతల బొమ్మలు వేయలేదు కాబట్టి ఇవి నకిలీవన్న వాదన జనంలో బాగా పాకింది. అది సరికాదు. కంపెనీ మద్రాసు టంకసాల నుంచి విష్ణుమూర్తి బొమ్మతో బంగారు వరహాలు వచ్చాయి. ఇద్దరు దేవేరులతో ఉన్న మూడు స్వాముల వరహా ప్రసిద్ధం. అసలు కారణాలు వేరు. 1616 నాటికి కంపెనీకి ఈ దేశంలో టంకసాలే లేదు. 1835లో కంపెనీ దేశమంతటికీ ఒకే నాణేల పద్ధతి తెచ్చినప్పుడు రాగిలో అర్ధణా, కాలణా, దమ్మిడీ స్థాయి చిల్లర వచ్చాయి తప్ప రాగి అణా రాలేదు. అణా విడి నాణెంగా చలామణీకి రావడం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఏడో ఎడ్వర్డు కాలంలో, అదీ రాగి-నికెల్ మిశ్రమంలో. కాబట్టి 1818 నాటి రాగి ‘వన్ అణా’ పుట్టే వీలే లేదు.

మరి ఇవి ఎక్కడివి? యాత్రాస్థలాల్లో అమ్మిన పూజా బిళ్ళలకు కంపెనీ పేరు తగిలించారన్నది ఒక కథనం. మొదటినుంచీ మోసానికే పోసినవన్నది మరొకటి. విజయనగర కాలం నుంచి వాడుకలో ఉన్న రామటంకాల సంప్రదాయాన్ని చూస్తే మొదటి కథనమే ఎక్కువ పొసగుతుంది. ఇటీవల పోసినవాటికి మాత్రం రెండోదే వర్తిస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ బిళ్ళలకు ఇంకో పాపం అంటుకుంది. ఇలాంటి నాణెంలోనో, రాగి చెంబులోనో ఇరిడియం ఉందని, బియ్యపు గింజలను లాక్కుంటుందని, విదేశీ సంస్థలు కోట్లకు కొంటాయని చెప్పే ‘రైస్ పుల్లింగ్’ ముఠాల కేసులు రెండు రాష్ట్రాల పోలీసు స్టేషన్లలోనూ నమోదయ్యాయి. గింజలకు ఇనుప రజను పట్టించి, లోపల అయస్కాంతం దాచి చేసే కనికట్టు అది. ఇరిడియానికి బియ్యాన్ని లాగే గుణం ఏదీ లేదు.

నిజాం రూపాయి: వివరణలోనే దొరికే దొంగ

హైదరాబాదు చార్మినార్ రూపాయి తెలుగు సేకర్తలకు ప్రీతిపాత్రం. అందుకే దానికి నకళ్లూ ఎక్కువ. కేటలాగులు ఈ రకాన్ని సాధారణంగా హిజ్రీ 1321 (1903-04) నుంచి లెక్కిస్తాయి. సైఫాబాద్ టంకసాల పని మొదలుపెట్టిన కాలమూ అదే. ఈ నాణెం మీద చార్మినార్ కమాను మధ్య ఒక చిన్న అక్షరం ఉంటుంది. మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలపుదైతే ‘మీమ్’, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుదైతే ‘ఐన్’. మహబూబ్ అలీ 1911లో, అంటే హిజ్రీ 1329లో మరణించాడు. కాబట్టి కమానులో మీమ్ ఉండి హిజ్రీ 1340 ఉన్న నాణెం ఏ దుకాణంలో కనిపించినా అది అసలుది కాదు. ఉస్మాన్ అలీ పేరుతో అమ్మకానికి పెట్టి మీమ్ ఉన్న ఫోటో చూపిస్తే అమ్మేవాడి దగ్గర ఆ సరుకే లేదని, ఫోటో ఎక్కడినుంచో ఎత్తి పెట్టాడని అనుకోవచ్చు.

బరువు ఇంకా గట్టి సాక్షి. బ్రిటిషు వెండి రూపాయి 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. హైదరాబాదు హాలీ సిక్కా రూపాయి సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. నిజాం రూపాయి వివరణలో 11.66 గ్రాములని రాసి ఉంటే అది బ్రిటిషు రూపాయి వివరణను చూసి దింపిన రాత. దొంగ దుకాణాల వాళ్ళు ఫోటోలు జాగ్రత్తగా దొంగిలిస్తారు గానీ అంకెల దగ్గర బద్ధకిస్తారు.

ధరకూ ఇదే లెక్క. బ్రిటిషు రూపాయిలో దాదాపు 10.7 గ్రాముల శుద్ధ వెండి ఉంటుంది. కొనే రోజు వెండి ధరకన్నా తక్కువకు ‘అసలు విక్టోరియా రూపాయి’ ఇస్తానంటే ఆ నాణెంలో వెండి లేదనే అర్థం. సేకరణ విలువ సంగతి తర్వాత. కరిగించుకున్నా అంతకన్నా ఎక్కువ వచ్చే సరుకును ఎవరూ చౌకగా వదులుకోరు.

ఇంటికి వచ్చిన నాణేన్ని పరీక్షించడం కష్టమేమీ కాదు. పాయింట్ జీరో వన్ గ్రాము దాకా చూపే చిన్న త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి, రీడింగును సున్నా చేసి, నాణేన్ని దారంతో అడుగు తగలకుండా ముంచి వేలాడదీయాలి. 11.66 గ్రాముల అసలు రూపాయికి త్రాసు 1.13 గ్రాముల దగ్గర ఆగాలి. ఇత్తడి, రాగి మిశ్రమాల నకళ్లు అదే బరువుతో ఉన్నా 1.3 దాటుతాయి. అరుదైన 1939 ఆరో జార్జి రూపాయి పేరుతో వచ్చేవాటికి ఇది తప్పనిసరి. 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. తర్వాతి నాణెం మీద అంకె దిద్ది 1939 చేస్తే నీళ్లలో బయటపడుతుంది. 1911 ‘పంది రూపాయి’ సంగతి వేరు. అయిదో జార్జి అంగీ మీది ఏనుగు పందిలా ఉందని దుమారం రేగి, 1912లో బొమ్మ మార్చారు. ఆ నాణెం దొరకనంత అరుదు కాదు. అక్కడ జరిగేది చాలావరకు ధర పెంచి చెప్పడమే.

దుకాణం గుర్తులు

చిరునామా పట్టీలో తాళం గుర్తు ఉంటే నమ్మవచ్చన్న సలహా పాతబడింది. తాళం మీ సమాచారం దారిలో ఎవరూ చూడకుండా కాపాడుతుందే తప్ప అవతలివాడి నిజాయతీకి పూచీ కాదు. ఉచిత సర్టిఫికెట్లు వచ్చాక దొంగ సైట్లకూ అది అమరింది. క్రోమ్ బ్రౌజరు 2023 సెప్టెంబరులో ఆ గుర్తునే తీసేసింది. సైటు పేరు ఎప్పుడు నమోదయిందో చూడటం అంతకన్నా మేలు. యజమాని పేరు దాచినా నమోదు తేదీ సాధారణంగా కనిపిస్తుంది. ‘1985 నుంచి మీ సేవలో’ అనే దుకాణం సైటు గత నెలే పుట్టి ఉంటే ఆగి ఆలోచించాలి.

2020 జూలై 23న వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ అంగడి తన చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు ఇవ్వాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలోగా పరిష్కరించాలి. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. నడుమ పది అక్షరాలు పాన్ నంబరు. హైదరాబాదు చిరునామా రాసి నంబరు 07తో మొదలైతే అది ఢిల్లీ నమోదు. జీఎస్టీ పోర్టల్‌లో వేసి ఎవరి పేరు వస్తుందో చూడాలి. ఒక్కొక్క సంకేతానికి అమాయకమైన కారణమూ ఉండవచ్చు. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం అనుమానించాల్సిందే. అంచు ఫోటో, త్రాసు మీద పెట్టిన ఫోటో అడిగితే విసుక్కునే అమ్మకందారు దగ్గర కొనకపోవడమే క్షేమం.

విదేశాల్లోని తెలుగువారు ఒక విషయం గమనించాలి. 1972 పురావస్తువుల చట్టం కింద నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. కేంద్ర ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఇతరులు దేశం దాటించరాదు. శాతవాహన సీసపు నాణేన్ని ఇండియా నుంచి డల్లాస్‌కు పోస్టులో పంపుతానన్నవాడు మోసగాడన్నా కావాలి, చట్టాన్ని ఉల్లంఘించేవాడన్నా కావాలి.

అమెరికాలో 1973 నాటి హాబీ ప్రొటెక్షన్ యాక్టు నకలు నాణెం మీద ‘కాపీ’ అని చెక్కి ఉండాలంటుంది. పీసీజీఎస్, ఎన్‌జీసీ వంటి గ్రేడింగ్ సంస్థల ప్లాస్టిక్ డబ్బాలకూ నకళ్లు ఉన్నాయి. డబ్బా మీది నంబరును ఆ సంస్థ సైటులో చూసి, అక్కడి ఫోటోతో చేతిలోని నాణేన్ని గీతగీతకూ పోల్చుకోవాలి. నంబరు సరిపోయినంత మాత్రాన చాలదు. నంబర్లనూ కాపీ కొడతారు.

ఫిర్యాదు

ఆన్‌లైన్‌లో వేరొకరిలా నటించి మోసగించడం ఐటీ చట్టం 66డి సెక్షను కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం. 2024 జూలై 1 నుంచి మోసం కేసులు పాత 420కి బదులు భారతీయ న్యాయ సంహిత 318 కిందికి వస్తున్నాయి. డబ్బు వెళ్లిన గంటల్లోనే చెబితే అవతలి ఖాతాలో ఆపించే వీలుంటుంది. కార్డుతో కట్టినవారు బ్యాంకులో చార్జ్‌బ్యాక్ కూడా అడగవచ్చు. సరుకు నాసిదనో, మారిందనో వివాదమైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, మోసమైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి. ఈ రెండోదానికి 2021లో మొదట ఇచ్చిన నంబరు 155260. పాత కరపత్రాల్లో ఇంకా అదే కనిపించవచ్చు. ఇప్పటి నంబరు 1930.