మా అవ్వ కొలిచిన దేవుడు

ఇలా దగ్గరికి జరుగు అబ్బయ్యా. చలిమంట దగ్గర నీకూ కాస్త చోటుందిలే. ఆ ఫోను మాత్రం కింద పెట్టు. పాత ముచ్చట్లు చెప్పమని నోరారా అడిగింది నువ్వే కాబట్టి, కోడి కూసేదాకా చెప్పినా వినాల్సిందే.

మా చిన్నప్పుడు రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానీలు. యుద్ధం రోజుల్లో పోసిన కానీలకు నడిమధ్యన చిల్లు ఉండేది. ఆదివారం పొద్దున తలకు నూనె రాసి, మా అవ్వ ఆ చిల్లులోంచి దారం దూర్చి నా మొలతాడుకు ముడి వేసేది. గుడికి చేరేలోపు కానుక పారేసుకుంటానని భయం. ఆవిడ వేసిన ముడి దేవుడే దిగొచ్చినా ఊడేది కాదు. కానుక సంచి పట్టుకున్న పెద్దాయన నా ముందు వంగి, ఓపిగ్గా గోళ్ళతో ఆ ముడి విప్పుకునేవాడు. వెనక వరసలవాళ్ళు ఆయన వచ్చేదాకా అదే పాట మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకునేవాళ్ళు. ఎవరూ విసుక్కునేవాళ్ళు కారు. అప్పటివాళ్ళకు తొందరేముందిలే!

1957 ఏప్రిల్ ఒకటిన నయాపైసలు వచ్చాయి. రూపాయికి వంద. ఊళ్ళో ఒకటే గోల! అరవై నాలుగు కానీలు వంద పైసలయ్యాయంటే మనం కలవాళ్ళమైనట్టే కదా అని కొందరి సంబరం. తీరా లెక్క చూస్తే అణాకు ఆరుంపావు. ఆ పావు పైసా ఎక్కడిది? కొట్టువాడు అణా సరుక్కి ఏడు అడిగేవాడు, కొనేవాడు ఆరే ఇస్తాననేవాడు. పైసా కోసం పూటంతా పోట్లాడి, సాయంత్రానికి ఇద్దరూ ఒకే అరుగు మీద చుట్ట కాల్చుకునేవాళ్ళు. ఆ తర్వాత కొన్నేళ్ళకే వీసెలూ మణుగులూ పోయి కిలోలు దిగాయి. బెల్లం వీసెల లెక్కన కొన్న చేతులకు కిలో ఎప్పుడూ తక్కువే అనిపించేది.

డబ్బు సంగతి సరే, ఒంగోలు సంగతి చూడు. అంగుళం కదలకుండానే ఎన్ని జిల్లాలు మారిందో! మొదట నెల్లూరు జిల్లా. 1904లో గుంటూరు జిల్లాలో కలిపారు. 1970లో ఒంగోలు జిల్లా అన్నారు, రెండేళ్ళకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. నేను పుట్టింది మద్రాసు రాజధానిలో, బళ్ళో చేరింది ఆంధ్ర రాష్ట్రంలో, పలకా బలపం వదిలేసరికి ఆంధ్రప్రదేశ్. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి.

ఇవన్నీ చూసి మా అవ్వ, "మారేవి మారనియ్యండ్రా, మారనోడు ఒకడున్నాడుగా" అనేది. చదువు రాదు గానీ, ఆ మాట ఉన్న మలాకీ మూడో అధ్యాయం, హెబ్రీ పత్రిక పదమూడో అధ్యాయం ఆవిడకు కంఠతా వచ్చు. అయ్యగారు చదువుతూ ఒక్క మాట దాటేసినా వెనకనుంచి అందించేది.

కోతల పండగ ముచ్చట కూడా చెప్పాలి. తొలి పంటలోంచి గుమ్మడికాయలు, కందులు, కోళ్ళు తెచ్చి గుళ్ళో పెట్టేవాళ్ళు. ఆరాధన అయ్యాక వేలంపాట. ఒకసారి బావా బావమరుదులు పంతానికి పోయి, రూపాయి చెయ్యని కోడిపెట్టను మూడు రూపాయల దాకా పాడారు. పాడుకున్నాయన ఇంటికెళితే భార్య ఆ పెట్టను చూసి, "ఇది పొద్దున నేనిచ్చిందేగా!" అని నెత్తి కొట్టుకుంది. సర్లే, కోడి వెంట పడి అసలు దారి తప్పుతున్నా.

అవ్వకు అంత గట్టి నమ్మకం ఎక్కడిదంటే, వాళ్ళ నాయన దగ్గరనుంచి వచ్చింది. అంటే మా ముత్తాత. 1876లో వానలు మొహం చాటేశాయి. తెలుగు లెక్కలో అది ధాత సంవత్సరం కాబట్టి దానికి ధాత కరువని పేరు. ఊళ్ళో గింజల్లేవు, చెరువుల్లో చుక్క లేదు. ఊరికి ఎడంగా ఉన్న మా మాదిగపల్లెలో ఇంటికో చావు. అప్పుడు ఒంగోలు మిషను జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని చూపించారు. మా ముత్తాత అక్కడే గంప మోశాడు. ఇసక్కుప్ప నీడన కాసేపు కూలబడితే బోధకులు వచ్చి యేసు సంగతి చెప్పేవాళ్ళట. ఊరి బావి తాకనివ్వని మనిషి పక్కన ఒకడొచ్చి కూర్చుని, నీ బరువు నేను మోస్తానన్న దేవుడొకడున్నాడని చెబితే ఎట్లా ఉంటుందో ఆలోచించు.

కానీ బాప్తిస్మం అడిగితే దొరగారు ఇవ్వలేదు. పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరువు సాయం ఆగిపోయాకే ఒప్పుకున్నారు. 1878 జూలై 3న, వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్క రోజున 2,222 మంది! ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్ళలో నిలబడ్డారు. ఆ వరసలో మా ముత్తాత ఉన్నాడు.

"గింజల కోసం కలిశారు" అని ఎవరన్నా నోరు జారితే అవ్వకు ఒళ్ళు మండేది. "మా నాయన నీళ్ళలో దిగేనాటికి కూలీ లేదు, గింజా లేదు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అనేది. ఆవిడ కోపం న్యాయమైందే. ఈ మాట నేనూ గట్టిగానే చెబుతున్నా, నువ్వూ గుర్తుపెట్టుకో.

నీ మొహం చూస్తే తెలుస్తోంది ఏమడగబోతున్నావో. దేవుడు మారనివాడైతే అంత కరువు ఎందుకు రానిచ్చాడనేగా? నీ వయసులో నేనూ అడిగా. అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అది నాకు తెలవదు. మా నాయన ఆ కరువులో తన తమ్ముణ్ణి పూడ్చాడు. పూడ్చిన చేతుల్నే జోడించాడు. అవతల వినేవాడు లేకుంటే అట్లా జోడించగలడా?" అంది. ఇంతకంటే పెద్ద జవాబు ఏ ప్రసంగంలోనూ నేను వినలేదు.

మారనివాడంటే బండరాయిలా ఉలుకూ పలుకూ లేనివాడని కొందరు అనుకుంటారు. అవ్వ దేవుడు అట్లాంటివాడు కాదు. లాజరు సమాధి దగ్గర ఏడ్చినవాడు. మనం ఏ ఎండకా గొడుగు పడతాం. కడుపు నిండితే ఒక మాట, కాలితే ఒక మాట. ఆయన మాత్రం కాలవగట్టున గంప మోసేవాడితో ఆడిన మాటను మనవల దగ్గరా తప్పడని ఆవిడ నమ్మకం. నాదీ అదే.

అందుకే పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. ఇంట్లో బియ్యం తక్కువైన రోజున కూడా పిడికిలి చిన్నది చేసేది కాదు, గంజి పలచన చేసేది. కుండ నిండితే గుడికి వెళ్ళేది, అక్కణ్ణుంచి ఏ ముసలమ్మ ఇంటికో చేరేది. మీ అమ్మ ఇప్పుడు కుక్కరు గ్లాసుతో కొలుస్తోంది గానీ, పిడికెడు తీస్తూనే ఉంది. నువ్వెప్పుడన్నా వంటింట్లోకి తొంగి చూస్తేగా!

ఆ కాలవ ఇప్పటికీ ఉంది అబ్బయ్యా, కొత్తపట్నం దారిలో. పండగ కూటాలు అయిపోగానే బండి తియ్యి, నన్ను వెనక ఎక్కించుకో. గట్టున దిగి మీ తాతలు తవ్విన మట్టి చూద్దువుగాని.