అట్లాంటిక్ కారు చరిత్రము

1935లో పారిస్ ప్రదర్శనమున బుగాట్టి సంస్థ నిలిపిన ఏరోలిత్ అను కారు మెగ్నీషియము కలిసిన లోహముతో నిర్మితమై, వేడికి సులభముగా నంటుకొను నా లోహపు రేకులను వెల్డింగు చేయ వీలుగాకపోవుటచేత, నడినెత్తి నుండి తోఁక వఱకు వెన్నుపట్టెవలె రివెట్లతో బిగింపఁబడెను. పిమ్మట దాని నమూనాపై వెలువడిన నాలుగు అట్లాంటిక్ కార్లకును అల్యూమినియమే వాడినందున రివెట్ల యక్కఱ తీఱినను, రూపశిల్పి జ్యాఁ బుగాట్టి ఆ వెన్నుపట్టెను విడువలేదు. అవసరము అలంకారముగా మాఱుట కింతకంటె చక్కని నిదర్శనము నాకు గోచరింపదు.

జ్యాఁ 1939 ఆగస్టులో వేఱొక కారును పరీక్షించుచు ముప్పదియేండ్ల ప్రాయమున మరణించెను. అతఁడు నడపిన నల్లని అట్లాంటిక్ యుద్ధకాలమున నదృశ్యమయ్యెను.

నాలుగింటిలో మొదటిది 1936లో ఇంగ్లాండునందలి విక్టర్ రాత్‌షైల్డునకుఁ జేరినది. దానిని 1971లో అమెరికా వైద్యుఁడు పీటర్ విలియమ్‌సన్ వేలములో 59,000 డాలర్లకుఁ గొనెను. ఆనాఁటి కది విపరీతమైన వెల. ఆయన శ్రద్ధతో పునరుద్ధరింపఁబడి, తొల్లిటి వెండినీలి వన్నెను దిరిగి తాల్చి, 2003లో పెబుల్ బీచ్ పాతకార్ల పోటీలో ప్రథమ బహుమతి నందుకొన్న యీ కారు, ఆయన మరణానంతరము 2010లో చేతులు మాఱినపుడు మూఁడు కోట్ల డాలర్లు దాఁటినదని పత్రికలు వ్రాసెను. అసలు వెలను మాత్రము అమ్మినవారు ప్రకటింపలేదు.