వెన్నుపాము రక్తనాళ లోపాలు: స్వల్పకోత చికిత్స

వెన్నుపాముకు రక్తం తెచ్చే ధమని, నడుమ కేశనాళికల వల లేకుండా, నేరుగా సిరలో కలిసిపోవడం ఈ లోపాలకు మూలం. పెద్దవారిలో తరచు కనిపించే రకంలో ఈ కలయిక వెన్నుపామును కప్పే గట్టి పొర అయిన డ్యూరాలో, నరం బయటికి వచ్చేచోట ఉంటుంది కాబట్టి దానిని డ్యూరల్ ఫిస్టులా అంటారు. ఎక్కువగా యాభై దాటిన మగవారిలో కాళ్ల తిమ్మిర్లతో మొదలై, నడకను తడబడేలా చేసి, చివరికి మూత్రంపై అదుపును పోగొడుతుంది.

చాలాకాలం శస్త్రవైద్యులు వెన్నుపాము వెనుకవైపు ఉబ్బి మెలికలు తిరిగిన సిరలనే వ్యాధి అనుకుని, అనేక పూసల మేర ఎముక తీసి వాటిని ఒలిచివేసేవారు. అవి వెన్నుపాము సొంత సిరలే కావడంతో రోగి మరింత కుంగిపోయేవాడు. 1960లలో అమెరికాలో డి కీరో, డాప్‌మన్, పారిస్‌లో జిందియాన్ వెన్ను ధమనుల్లోకి రంగుమందు పంపి ఎక్స్‌రే తీసే యాంజియోగ్రఫీని రూపొందించగా, 1974లో అమినాఫ్, బర్నార్డ్, లోగ్ సిరల్లో పెరిగిన ఒత్తిడే వెన్నుపామును దెబ్బతీస్తుందని ప్రతిపాదించారు. 1977లో కెండల్, లోగ్ అసలు కలయిక డ్యూరాలోనే ఉందని, అక్కడి నుంచి లోపలికి పోయే ఒక్క సిరను మూసివేస్తే చాలని చూపారు. కోత చిన్నదైనది ప్రధానంగా ఈ అవగాహన వల్లనే. సూక్ష్మదర్శిని, గొట్టపు పనిముట్లు దానికి తోడయ్యాయి. తొడ ధమని నుంచి సన్నని కాథెటర్‌ను పంపి దారిని మూసే ఎంబోలైజేషన్ 1968 నాటికే మొదలైంది. ఇందుకు వాడే జిగురుమందు సిర మొదలు దాకా చేరకపోతే ఫిస్టులా మళ్లీ తెరుచుకుంటుంది. వెన్నుపామును పోషించే ఆడమ్‌కీవిచ్ ధమని ఫిస్టులాకు రక్తం తెచ్చే కొమ్మ నుంచే పుడితే కోతే క్షేమం.

హైదరాబాదులో అమీర్‌పేటను ఆనుకుని ఉన్న పంజాగుట్టలో, 1964లో నిజాం ఎముకల ఆసుపత్రిగా తెరుచుకుని తరువాత విశ్వవిద్యాలయ స్థాయి పొందిన నిమ్స్‌లో నాడీవైద్యం, నాడీ శస్త్రచికిత్స, రేడియాలజీ విభాగాలు ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఈ వ్యాధి నిర్ధారణకు, చికిత్సకు ఆ మూడూ కలిసి పనిచేయడం తప్పనిసరి. ఈ ప్రాంతపు వైద్యుడికి నిర్ధారణలో అదనపు చిక్కు ఒకటుంది: నల్లగొండలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ కూడా వెన్నుపామును నొక్కి కాళ్లు పడిపోయేలా చేస్తుంది, దానిపై నాడీ శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి విస్తృతంగా పరిశోధించారు. వెన్నెముక క్షయ, అరిగిన డిస్కు కూడా ఇవే లక్షణాలు చూపగలవు. ఎమ్మారైలో వెన్నుపాము వాపు, దాని వెనుక నల్లని మెలికల చుక్కలు కనిపిస్తే యాంజియోగ్రఫీకి పంపాలి. డిస్కు అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే కొందరిలో బలహీనత ఒక్కసారిగా ముదురుతుంది. ఫిస్టులాను మూసిన తరువాత కాళ్ల బలం చాలామందిలో మెరుగుపడుతుంది, మూత్రంపై అదుపు మాత్రం అంత తేలికగా తిరిగిరాదు.