కాలువ గట్టు నుండి మరుగుదొడ్డి వరకు

బాన్సువాడ ప్రాంతమందలి నస్రుల్లాబాదు నిజాంసాగరు నీటితో పచ్చబడిన సీమలోనిది. మంజీరానదిపై 1923లో మొదలై 1931లో ముగిసిన ఆ జలాశయ నిర్మాణము మెట్టసేద్యపు పల్లెలకు వరిమళ్లను ప్రసాదించినది. దానితోపాటు, వేకువజామున చెంబు పట్టుకొని పొలిమేర దాటుచుండిన జనులకు కాలువ గట్టును సమీపస్థమైన బహిర్భూమిగా చేసినది.

శౌచనియమములు మనకు కొత్తవి కావు. ఎడమచేతిని 10 మార్లు, రెండు చేతులను కలిపి 7 మార్లు మట్టితో రుద్ది కడుగుకొనవలెనని విధించిన మనుస్మృతియే, నీటియందును, నదీతీరమునను, దున్నిన చేనియందును మలమూత్ర విసర్జనము కూడదని నిషేధించినది. అయితే ఎవరికి వారు శుచిగా ఉండుటయే ధర్మమైనప్పుడు, విడిచిన మలము ఎచటికి చేరునన్న చింత వెనుకబడును. కనుకనే పట్టణములలో ఇంటివాని మడి చెడకుండుటకై పాకీదొడ్డి గంప మరియొకని నెత్తికెక్కినది. ఆ వృత్తిని నిషేధించు చట్టము 1993లో గాని రాలేదు.

1884లో రాబర్ట్ కాక్ కలకత్తా చెరువునీటిలో కలరా సూక్ష్మజీవిని కనుగొన్నపుడు, కంటికి తేటగా తోచు నీరును రోగవాహిని కాగలదని రుజువైనది. 1908 నాటి మూసీ వరద పిమ్మట హైదరాబాదునకు పిలువబడిన విశ్వేశ్వరయ్య జలాశయములకే గాక భూగర్భ మురుగుకాలువలకును పథకములు రచించెను. పల్లెలకు మాత్రము ఆ భాగ్యము అబ్బలేదు.

మురుగుకాలువ లేని ఊరికి తగినది జంటగుంతల మరుగుదొడ్డి. పళ్లెము క్రింది వంపుగొట్టములో నిలుచు నీరు దుర్గంధమును, ఈగలను అడ్డగించును. ఒక గుంత నిండగానే రెండవదానికి దారి మరల్చినచో, మొదటిదానిలోని మలము కాలక్రమమున నిరపాయమైన ఎరువగును. కాని కాలువసాగు వలన భూజలము పైకుబుకు నేలలో ఆ గుంతను బావికి చేరువగా త్రవ్వుట, గట్టుమీది మాలిన్యమును ఇంటి పెరటికి తెచ్చుకొనుటయే.

2014 నుండి స్వచ్ఛభారత్ పేరిట పల్లెపల్లెనా మరుగుదొడ్లు లేచినవి. అయినను తలుపు గొళ్లెము, కుళాయి మర, చెంబు అంచు — కడుగని చేయి తాకిన ప్రతిచోటును క్రిములు తరువాతివానికై కాచుకొనియుండును. సబ్బుతో చేతులు కడుగుకొనుట తన మేలునకే గాక, తన వెనుక ఆ గొళ్లెమును ముట్టువాని మేలునకును చేయవలసిన పని. శుచి ఒక్కరి సొత్తు కాదన్న ఈ ఎరుక లేనిచో, గోడలెన్ని కట్టినను గట్టుమీది అలవాటే గదిలోనికి వచ్చినట్లగును.