కోసి చూసిన దేహం, ఆడి తెలుసుకున్న దేహం

అవనిగడ్డ నుంచి చల్లపల్లి మీదుగా పామర్రు వెళ్ళే దారిలో కూచిపూడి తగులుతుంది. అక్కడ నాట్యానికి పునాది అరమండి. తుంటి దగ్గర కాళ్ళను పక్కలకు తిప్పి, మోకాళ్ళు వంచి, వెన్ను నిటారుగా నిలపాలి. ఎముక, కీలు, కండ కలిసి ఎలా పనిచేస్తాయో ఇంత స్పష్టంగా చూపే భంగిమ ఇంకొకటి నేనెరగను. అందుకే మన దేశంలో దేహ నిర్మాణం గురించిన తెలివి ఎలా పెరిగిందో చెప్పేటప్పుడు వైద్యుల కథ ఒక్కటే చెప్తే సగం కథే అవుతుంది.

వైద్యుల వైపు పాత సాక్ష్యం సుశ్రుత సంహిత. శవాన్ని పరీక్షించే పద్ధతి అందులోని శారీరస్థానంలో ఉంది. అవయవ లోపం లేని శవాన్ని గడ్డితోనో నారతోనో చుట్టి, పంజరంలో పెట్టి, పారే నీళ్ళలో ఎవరి కంటా పడని చోట ఉంచాలి. ఏడు రోజులకు బాగా నానాక బయటికి తీసి, వట్టివేళ్ళు, వెదురు వంటి వాటితో చేసిన కుంచెలతో మెల్లగా రుద్దుతూ, చర్మం మొదలు లోపలి భాగాల దాకా పొర తర్వాత పొర కళ్ళారా చూడాలి. ఈ పద్ధతి బలం, బలహీనత రెండూ ఆ నీళ్ళలోనే ఉన్నాయి. నానిన దేహంలో ఎముకలూ కీళ్ళూ నిలుస్తాయి, నరాలూ సన్న నాళాలూ చెడిపోతాయి. సుశ్రుతుడి లెక్కలో ఎముకలు 300. కాళ్ళు చేతుల్లో 120, మొండెంలో 117, మెడ నుంచి పైకి 63. వేదవాదులు 360 అంటారనీ, శస్త్రచికిత్సా శాస్త్రంలో మాత్రం 300 అనీ ఆయనే తేడా చెప్పాడు. నేటి లెక్క 206. పళ్ళనూ, ముక్కు చెవుల్లోని మృదులాస్థినీ కూడా ఎముకల్లోనే కలపడం ఈ తేడాకు ఒక ముఖ్య కారణం. మృదులాస్థికి ఆయన పెట్టిన పేరు తరుణాస్థి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది కీళ్ళ భాగం. మొత్తం కీళ్ళు 210 అని చెప్పి, వాటిని కదిలేవి, కదలనివి అని విడదీశాడు. రూపాన్ని బట్టి ఎనిమిది రకాలు చేశాడు. వేళ్ళు, మోచెయ్యి, మోకాలు ఒక రకం. భుజం, తుంటి ఇంకో రకం, దాని పేరు ఉలూఖలం, అంటే రోలు. పుర్రె ఎముకల అతుకులు కుట్టుపని రకం. నేటి వైద్య విద్యార్థి నేర్చుకునే విభజనకు ఇది చాలా దగ్గర. తర్వాతి శతాబ్దాల్లో మాత్రం వైద్యం శవాన్ని వదిలి శ్లోకాన్నే నమ్ముకుంది. తర్వాతి ఆయుర్వేద గ్రంథకర్త వాగ్భటుడి దగ్గర ఎముకల లెక్క మళ్ళీ 360కి చేరింది.

నాట్యశాస్త్రకారుల లెక్క వేరే. నందికేశ్వరుడి అభినయ దర్పణం తల, చేతులు, రొమ్ము, పక్కలు, నడుము, పాదాలు అనే ఆరింటిని అంగాలంటుంది. భుజాలు, బాహువులు, వీపు, పొట్ట, తొడలు, పిక్కలు ప్రత్యంగాలు. మణికట్లు, మోచేతులు, మోకాళ్ళను కూడా కొందరు వాటిలో చేరుస్తారు. విడిగా కదిలే భాగానికి విడిగా పేరు పెట్టారు. పుర్రెలోని 22 ఎముకల్లో స్వేచ్ఛగా కదిలేది కింది దవడ ఒక్కటే. కళ్ళు, పెదవుల వంటి ముఖ భాగాలను చెప్పే ఉపాంగాల జాబితాలో దవడకు వేరే చోటుంది! ఎవరినీ కోయకుండా, ఆడేవాళ్ళను చూసి రాసిన శరీర శాస్త్రమిది. అభినయ దర్పణాన్ని ఆనంద కుమారస్వామితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. చీరాల–పేరాల ఉద్యమ నాయకుడిగా మనకు తెలిసిన ఆయన, బందరు (మచిలీపట్నం) జాతీయ కళాశాలలోనూ పనిచేశాడు. ఆ పుస్తకాన్ని హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1917లో అచ్చువేసింది.

శవాన్ని కోసి చదివే చదువు 1835లో మద్రాసు, కలకత్తా వైద్య విద్యాలయాలతో కొత్తగా మొదలైంది. 1836లో కలకత్తాలో కత్తి పట్టిన మధుసూదన గుప్తా ఆయుర్వేద పండితుడే. మన డెల్టా కుర్రవాళ్ళు ఈ చదువుకు మద్రాసు వెళ్ళేవారు. పట్టాభి సీతారామయ్య అలా చదివి వచ్చి బందరులో వైద్యం చేశారు. ఆంధ్ర ప్రాంతంలో తొలి వైద్య కళాశాల విశాఖపట్నంలో 1923లో గాని రాలేదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ రోజుల్లోనే అమెరికా చేరాడు. మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖద్దరు కట్టినందుకు ఒక ఆచార్యుడి కోపానికి గురై, పూర్తి డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నాడు. తర్వాత ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనిపెట్టాడు. కండ పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ తయారవుతుంది. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం తయారీ నుంచే వస్తుందన్న నమ్మకం దానితో కదిలిపోయింది. ద్రుతంలో, అంటే వేగంగా, జతి (అడుగుల వరుస) మొదలైన తొలి కొన్ని సెకన్లు నర్తకి కాలిని ఆడించేది ప్రధానంగా ఈ నిల్వే. కండలెన్ని అనే ప్రశ్న నుంచి కండ ఎలా నడుస్తుందనే ప్రశ్నకు శాస్త్రం చేరిందంటే, అందులో ఈ తెలుగు మేష్టారి చెయ్యి పెద్దది.

ఇప్పుడు అరమండి దగ్గరికి వద్దాం. కాళ్ళు పక్కలకు తిరగవలసింది తుంటి కీలు దగ్గర. అక్కడ తిరగకుండా పాదాలను మాత్రమే తిప్పి నిలబడితే ఆ మెలి మోకాలి మీద పడుతుంది. మోకాలు ప్రధానంగా ముడుచుకోవడానికీ చాచడానికీ ఉన్న కీలు, మెలిని అంతగా తట్టుకోలేదు. వాడుకలో మనం గుజ్జు అనే మోకాటి మృదులాస్థికి రక్తనాళాలు లేవు, అరిగితే తిరిగి పెరగడం కష్టం. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో ఇంకా మృదులాస్థి పలకలుంటాయి, ఎముక పొడుగు పెరిగేది అక్కడే. గట్టి సిమెంటు నేల మీద గంటల తరబడి సాధన చేయించే గురువుకు ఈ సంగతులు తెలిసి ఉండాలి.

మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి నుంచి కూచిపూడి దూరమేమీ కాదు. ఆ కళాశాలలో శరీర నిర్మాణం బోధించేవారు కూచిపూడికి వెళ్ళి అడుగులు చూడాలి, నాట్యాచార్యులు వాళ్ళను తమ పాఠానికి పిలవాలి. గజ్జె కట్టే ప్రతి పిల్ల చేతికీ తుంటి, మోకాలు, చీలమండల గురించి బొమ్మలతో ఒక చిన్న తెలుగు పుస్తకం వాళ్ళు కలిసి రాసివ్వాలని నా విన్నపం.