తోటబాటకు పరిచిన రాయి - పేరు మార్చుకున్న వెట్టి

బానిసత్వ చరిత్రను రద్దు చట్టాల చరిత్రగా చదవటం మనకు అలవాటయింది. ఫలానా సంవత్సరంలో ఫలానా ప్రభుత్వం రద్దు చేసిందని పాఠ్యగ్రంథాలు చెబుతాయి, విద్యార్థి ఆ తేదీని బట్టీపడతాడు. అయితే ఆ రోజున రద్దయింది పేరా, ఆ పేరు వెనుక ఉన్న సంబంధమా? ఈ ప్రశ్న పాతబడలేదు. నేటి బ్రిటన్‌లో పెరటి తోటలకు పరుస్తున్న రాయి దీన్ని మళ్ళీ మన ముందు పెడుతోంది.

రాజస్థాన్‌లోని బూందీ, కోటా ప్రాంతపు ఇసుకరాయి పలకలుగా, చిన్న దిమ్మలుగా ఓడలెక్కి బ్రిటన్ తోటల వ్యాపారానికి చేరుతుంది. అక్కడి దుకాణాల్లో 'రాజ్ గ్రీన్', 'కాండ్లా గ్రే' అనే పేర్లతో అమ్ముతారు. కాండ్లా గుజరాత్‌లోని రేవు. రాయికి ఓడరేవు పేరు దక్కింది గాని దాన్ని చెక్కిన మనిషి పేరు ఎక్కడా లేదు. బూందీ జిల్లాలోని బుధ్‌పురాలో కుటుంబాలు ఇళ్ళముందే కూర్చుని, క్వారీలో పనికిరాదని వదిలేసిన రాతిని దిమ్మలుగా కొడతాయి. కూలి లెక్కకే గనుక పిల్లల చేతులూ ఆ పనిలో కలుస్తాయి. క్వారీలో రాతిధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అవుతుంది. ఆ జబ్బుకు మందు లేదు. మగవాడు మంచాన పడితే వైద్యానికి అప్పు, ఆ అప్పు తీర్చటానికి భార్య, కొడుకు అదే క్వారీకి. క్వారీ యజమాని నుంచి దళారి, ఎగుమతిదారు, దిగుమతిదారు, దుకాణం, తోట వేసే కాంట్రాక్టరు వరకు ప్రతి చేతిలోనూ ఒక బిల్లు ఉంటుంది. ఎంత రాయి, ఎంత ధర అన్నది అందులో ఉంటుంది. కూలివాడు తీసుకున్న పేష్గీ మాత్రం ఏ బిల్లులోనూ ఉండదు. అతన్ని కట్టి ఉంచే సంకెల ఆ రాయని లెక్కే.

ఈ లెక్కకు చరిత్ర ఉంది. బ్రిటన్ 1833 చట్టంతో తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. ఇచ్చింది బానిసలకు కాదు, యజమానులకు. ఈస్టిండియా కంపెనీ ఏలుబడి ఆ చట్టం పరిధిలోకే రాలేదు. ఇక్కడ 1843 నాటి 5వ చట్టం మనిషిపై యాజమాన్యపు హక్కును కోర్టులు గుర్తించరాదన్నది గాని, అప్పుకోసం మనిషిని కట్టేసే సంబంధం జోలికి పోలేదు. పోకపోవటమే కాదు, 1859 నాటి 13వ చట్టం ఆ సంబంధానికి పోలీసు కాపలా పెట్టింది. అడ్వాన్సు తీసుకుని పని మానిన కూలివాడిని మేజిస్ట్రేటు మళ్ళీ పనిలోకి పంపవచ్చు, వినకపోతే 3 నెలలు జైలుకు పంపవచ్చు. 1925లో మరొక చట్టం దీన్ని తొలగించాల్సి వచ్చింది. అంటే యాజమాన్యపు హక్కును నిరాకరించిన 16 ఏళ్ళకే, వలస ప్రభుత్వం అడ్వాన్సును చట్టబద్ధమైన పలుపుతాడుగా మార్చింది. బానిస అన్న మాట పోయింది, పలుపు మిగిలింది.

తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం దేశంలోని వెట్టి పద్ధతుల పేర్లను వరుసగా పేర్కొంది. ఆ వరుసలో వెట్టి, జీతం, పాలేరు, భగేలా ఉన్నాయి. రాజస్థాన్ వారి సాగ్రీ కూడా ఉంది. మన పాలేరూ బూందీ రాతికూలీ ఒకే చట్టంలో పక్కపక్కన నిలిచారు. ఏ నిఘంటుకారుడూ చూపని బంధుత్వాన్ని ఈ జాబితా చూపింది. నైజాం ప్రభుత్వం 1936లోనే భగేలా ఒప్పందాలపై నిబంధన తెచ్చింది. అయినా తెలంగాణ పల్లెల్లో దొర గడీకి వెట్టి ఆగలేదు. కాగితం చేయలేని పనిని 1940లలో సంఘంగా కూడిన జనం చేశారు. గడీకి వెళ్ళం అన్న మాట పదిమందిదయినప్పుడే ఆ నిబంధనకు ప్రాణం వచ్చింది.

1976 చట్టంలో మరొక ముఖ్యాంశం ఉంది. అది వెట్టి అప్పు కాదని నిరూపించే భారాన్ని అప్పిచ్చినవాడిపైనే మోపింది. కనీస వేతనం ఇవ్వకుండా చేయించిన పని కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమేనని 1982లో ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1983 డిసెంబరులో ఫరీదాబాద్ రాతి క్వారీల కేసులో ఇంకొక అడుగు వేసి, కూలివాడు నిర్బంధశ్రమ చేస్తున్నాడని తేలితే దాని వెనుక అడ్వాన్సు ఉందనే భావించాలంది. నిరక్షరాస్యుడైన కూలివాడిని అప్పుపత్రం తెమ్మనటం న్యాయం కాదన్న ఇంగితం అందులో ఉంది. అమలులో ఎన్ని లోపాలున్నా సూత్రం ఇది: బలవంతుడే రుజువు చూపాలి.

ఈ సూత్రం పక్కన బ్రిటన్ 2015లో చేసిన ఆధునిక బానిసత్వ చట్టాన్ని పెట్టి చూడండి. ఏటా 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, అంతకుమించి వ్యాపారం చేసే సంస్థలు తమ సరఫరా గొలుసులో బానిసత్వ నివారణకు ఏమి చేశాయో ప్రకటన ఇవ్వాలి. ఏమీ చేయలేదని ప్రకటించినా ఆ చట్టానికి సరిపోతుంది! పెరటి తోటలు వేసే చిన్న కాంట్రాక్టర్లు ఎటూ లెక్కలోకి రారు. ప్రకటన అసలు అక్కర్లేదని కాదు. గొలుసు గురించి వ్యాపారి నోరు విప్పక తప్పని స్థితి వచ్చింది, అది కొంత మేలే. కాని తన సత్ప్రవర్తనకు తానే సాక్ష్యం చెప్పుకునే చోట రుజువు భారం తిరిగి క్వారీ గుంటలో ఉన్నవాడిపైనే పడుతుంది.

మరి నివారణ అంటే ఏమిటి? రాయి ఏ క్వారీదో, దిమ్మ ఏ ఇంటిముందు కొట్టిందో చెప్పగలగాలి. కూలీ, పేష్గీ రెండూ రాతలో ఉండి, ఆ రాత కూలివాడి చేతిలోనూ ఉండాలి. డ్రిల్లింగుకు నీళ్ళు వాడి ధూళిని అణచాలి. వీటి ఖర్చు కొనుగోలుదారు ఇచ్చే ధరలో ఉండాలి. అతి తక్కువ ధర అడుగుతూనే నైతిక నియమావళి పంపటం వంచన. తప్పు బయటపడగానే ఆ క్వారీని వదిలి మరో క్వారీకి పోవటం కూడా నివారణ కాదు. వ్యాపారి పేరు శుభ్రపడుతుంది, కూలివాడు అదే అప్పుతో ఇంకో గుంటలో దిగుతాడు. అన్నిటికంటే ముందు, కూలీలు సంఘంగా నిలిచి లెక్క అడిగే వీలుండాలి. తెలంగాణ అనుభవం చెప్పేది ఇదే.

రచయితలకు ఇందులో పని ఉంది. దొరనూ గడీనీ మన సాహిత్యం గుర్తుపట్టగలదు, ఎందుకంటే అక్కడ పీడకుడికి ముఖం ఉంది. నేటి గొలుసులో ముఖం లేదు, ఆరేడు బిల్లులున్నాయి. ఆ బిల్లుల వెనుక ఉన్న మానవ సంబంధాన్ని పైకి తీయటం నేటి వాస్తవికతావాదం ఎదుర్కొంటున్న పరీక్ష. వెట్టి కొత్త పేరు పెట్టుకున్న ప్రతిసారీ దాన్ని పాత పేరుతో పిలవగలగటం మన భాషకు ఉండవలసిన జ్ఞాపకశక్తి.