సికిల్ సెల్ టెస్టు ఎవరి రక్తంతో మొదలైంది?

సికిల్ సెల్ టెస్టు అంటే మన గూడేల్లో ఇంకా చాలామందికి భయమే. దాని చరిత్రలో మనలాంటి ఇద్దరు స్టూడెంట్లు ఉన్నారు.

1904లో గ్రెనడా దీవి నుంచి వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే నల్లజాతి కుర్రాడు పళ్ల డాక్టరు చదువుకి చికాగో వెళ్లాడు. జబ్బుపడితే అతని రక్తాన్ని ఎర్నెస్ట్ ఐరన్స్ అనే కుర్ర డాక్టరు మైక్రోస్కోపులో చూశాడు. కొన్ని ఎర్రకణాలు కొడవలిలా వంగి కనిపించాయి. 1910లో పెద్ద డాక్టరు జేమ్స్ హెరిక్ ఆ సంగతి అచ్చువేయించాడు. రోగి పేరు లేదు, సరే, అది పద్ధతే. జాతి మాత్రం రాశారు! నోయెల్ చదువు పూర్తిచేసి, సొంత దీవిలో వైద్యం చేస్తూ 1916లో పోయాడు.

రెండోవాడు హార్వీ ఇటానో. జపాన్ మూలాలున్నాయని 1942లో అమెరికా ప్రభుత్వం అతన్ని క్యాంపులో పెట్టింది. అక్కడ్నించే మెడిసిన్ చదువుకి వెళ్లాడు. తర్వాత కాల్‌టెక్ యూనివర్సిటీలో లైనస్ పాలింగ్ దగ్గర, హిమోగ్లోబిన్‌లోకి కరెంటు పంపి చూశాడు. రోగుల హిమోగ్లోబిన్ వేరే తీరుగా కదిలింది. క్యారియర్లలో రెండు రకాలూ కనిపించాయి. 1949లో ఇది అచ్చయింది. ఒక జబ్బుకి మూలం ఒక అణువులో ఉందని చూపడం అదే మొదలు. ఎలక్ట్రోఫోరెసిస్ అనే ఆ పద్ధతి ఇప్పటికీ వాడుతున్నారు.

మూడేళ్లకే, 1952లో, నీలగిరి ఆదివాసుల రక్తంలో ఇదే లక్షణం దొరికింది. మన దేశంలో జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలైంది మాత్రం 2023లో. మధ్యలో 71 ఏళ్లు!

కార్డు మీద క్యారియర్ అని ఉంటే జబ్బు ఉన్నట్టు కాదు. ఆ మాటకే సంబంధాలు చెడగొట్టుకోవద్దు. పెళ్లాడే ఇద్దరూ క్యారియర్లయితే, ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.